నార్మల్లీ ఓపెన్ కాంటాక్టర్ల గుర్తింపు, పరీక్ష: గిరిజన కొండ ప్రాంతాల పంటకోత అనంతర యంత్రాల దృష్ట్యా ఒక వివరణ

అరకు లోయలోను, పాడేరు, చింతపల్లి పరిసరాల కొండవాలు తోటలలోను కాఫీ పండ్ల కోత నవంబరు ప్రాంతంలో మొదలై జనవరి, ఫిబ్రవరి నెలల వరకు సాగుతుంది. పార్చ్‌మెంట్ కాఫీ తయారుచేయదలచిన రైతు కోసిన పండ్లను ఆ రోజే పల్పింగ్ చేయాలి. రాత్రంతా గోనె సంచులలో ఉండిపోయిన పండ్లు లోలోపల పులియడం ప్రారంభిస్తాయి. ఆ లోపాన్ని తరువాత ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినా సరిదిద్దలేము. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరబికాకు మంచి ధర పలకడమన్నది ఇటువంటి సాయంకాలపు పనులపైనే చాలావరకు ఆధారపడి ఉంది. ఉదయం నుండి కోసిన పండ్లు మధ్యాహ్నం తరువాత యంత్రం వద్దకు చేరతాయి. సరిగ్గా ఊరిలో దీపాలు వెలిగే వేళకు పల్పరు తిరగవలసి వస్తుంది. అప్పుడు బటన్ నొక్కితే స్టార్టరు గరగరమని శబ్దం చేసి ఊరుకుంటే, మోటారు కాలిపోయిందని భావించి దానిని విప్పి పట్టణానికి పంపించే వారున్నారు. అటువంటి వేళ మోటారుకంటే ముందు అనుమానించవలసినది స్టార్టరులోని కాంటాక్టర్‌ను.

ఇంతకంటే తీవ్రమైనది మరొకటి ఉంది. కరెంటు పోయినప్పుడు పల్పరులో చిక్కుకున్న కొమ్మనో రాయినో తీయడానికి పనివారు చేయి పెడతారు. కరెంటు తిరిగి రాగానే యంత్రం తనంతట తానుగా తిరిగితే జరిగే నష్టం ఎవరూ పూడ్చలేనిది. పసుపు పాలిషింగ్ డ్రమ్ములకు, మిరియాల కంకులు నూర్చే యంత్రాలకు, చోడి, సామ మరలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఈ ప్రమాదాన్ని నివారించే భాగం చాలా చిన్నది: కాంటాక్టర్‌లోని ఒక నార్మల్లీ ఓపెన్ కాంటాక్టు. అది నిజంగా తెరుచుకుని ఉన్నదో లేదో తెలుసుకోవడం విస్తరణ శాస్త్రవేత్తలకు, వ్యవసాయ విద్యార్థులకు అవసరమైన విద్యే.

'ఓపెన్' అనే మాటతో చిక్కు

వ్యవసాయం చదివిన వారికి ఈ పదం వద్దనే మొదటి తడబాటు కలుగుతుంది. తూము తెరిస్తే నీరు పారుతుంది, మూస్తే ఆగుతుంది. అరకు మెట్ల పొలాలలో గెడ్డ నీటిని ఒక మడి నుండి మరొక మడికి వదిలే రైతుకు తెరవడమంటే పారించడమే. విద్యుత్తులో దీనికి పూర్తిగా విరుద్ధం. కాంటాక్టు తెరుచుకుంటే రెండు లోహపు ముఖాల మధ్య ఖాళీ ఏర్పడి విద్యుత్తు ఆగిపోతుంది. మూసుకుంటే ప్రవహిస్తుంది. బిందుసేద్యపు నియంత్రణ పెట్టెలో ఈ రెండు అర్థాలూ ఒకేచోట ఎదురవుతాయి. అక్కడి సొలినాయిడ్ వాల్వు సాధారణంగా 'నార్మల్లీ క్లోజ్డ్' రకానిది, అంటే విద్యుత్తు అందనప్పుడు నీటిని ఆపుతుంది. పంపును నడిపే కాంటాక్టర్ 'నార్మల్లీ ఓపెన్' రకానిది, అంటే విద్యుత్తు అందనప్పుడు మోటారును ఆపుతుంది. పేర్లు ఎదురెదురుగా ఉన్నా ఫలితం ఒక్కటే. తరగతిలో ఈ ఉదాహరణ ముందుగా చెబితే మిగిలిన పాఠం సులభమవుతుంది.

రెండవ తడబాటు 'నార్మల్లీ' అనే మాటతో. యంత్రం మామూలుగా నడుస్తున్న స్థితి అని చాలామంది దీనిని అర్థం చేసుకుంటారు. అది సరికాదు. కాయిల్‌కు విద్యుత్తు అందని, చేతితో గాని మరే బలంతో గాని నొక్కని విశ్రాంత స్థితికే ఆ పేరు. దుకాణంలో పెట్టెలో ఉన్నప్పుడు కాంటాక్టు ఏ స్థితిలో ఉంటుందో అదే దాని 'నార్మల్' స్థితి. రోజుకు పన్నెండు గంటలు మూసుకొని పనిచేసే కాంటాక్టు అయినా దాని పేరు నార్మల్లీ ఓపెన్ అనే ఉంటుంది.

నిర్మాణం, పని తీరు

కాంటాక్టర్ లోపల పలుచని ఉక్కు రేకులను పేర్చి చేసిన అయస్కాంత దిమ్మె, దానిపై తీగచుట్టిన కాయిల్, ఎదురుగా స్ప్రింగుపై నిలిచి కదిలే ఆర్మేచరు ఉంటాయి. కాయిల్‌కు విద్యుత్తు అందగానే అయస్కాంతం ఆర్మేచరును లాగుతుంది. ఆర్మేచరుకు అమర్చిన కదిలే కాంటాక్టులు స్థిర కాంటాక్టులను తాకుతాయి. మోటారుకు వెళ్లే మూడు ఫేజుల ప్రధాన కాంటాక్టులు మూడూ నార్మల్లీ ఓపెన్ రకానివే. వీటికి తోడుగా చిన్న విద్యుత్తును మాత్రమే మోసే సహాయక కాంటాక్టులు ఉంటాయి. వాటిలో కొన్ని నార్మల్లీ ఓపెన్, కొన్ని నార్మల్లీ క్లోజ్డ్. ఆర్మేచరు లోపలికి కదిలినప్పుడు మొదటివి మూసుకుంటాయి, రెండవవి తెరుచుకుంటాయి.

డైరెక్ట్ ఆన్‌లైన్ స్టార్టరులో నియంత్రణ విద్యుత్తు ఒక ఫేజు నుండి బయలుదేరి ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టు, ఎర్ర స్టాప్ బటన్, పచ్చ స్టార్ట్ బటన్ మీదుగా కాయిల్‌ను చేరి, రెండవ ఫేజుకో న్యూట్రల్‌కో వెళ్తుంది. స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా ఒక నార్మల్లీ ఓపెన్ సహాయక కాంటాక్టు కలిపి ఉంటుంది. బటన్ నొక్కినప్పుడు కాయిల్ లాగుతుంది, సహాయక కాంటాక్టు మూసుకుంటుంది. వేలు తీసిన తరువాత కాయిల్‌కు విద్యుత్తు ఈ కాంటాక్టు ద్వారానే అందుతూ ఉంటుంది. దీనినే పట్టి ఉంచే వలయం అంటారు. సరఫరా ఒక్క క్షణం పోయినా ఆర్మేచరు వెనక్కు వస్తుంది, సహాయక కాంటాక్టు తెరుచుకుంటుంది. సరఫరా తిరిగి వచ్చినా, మనిషి వచ్చి మళ్లీ బటన్ నొక్కే వరకు యంత్రం కదలదు.

ఈ ఏర్పాటును అడ్డంకిగా భావించి, సహాయక కాంటాక్టు రెండు కొసలను ఒక తీగముక్కతో కలిపివేసే అలవాటు పంపుసెట్ల వద్ద కనిపిస్తుంది. ఆటో స్టార్టర్లు చేసేదీ ఇంచుమించు అదే. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభించిన సందర్భంలో ఆటో స్టార్టర్లను తొలగించమని ప్రభుత్వం రైతులను కోరింది. అవసరం లేకపోయినా పంపులు తిరిగి భూగర్భజలం వృథా కావడం, సరఫరా రాగానే మోటార్లన్నీ ఒకేసారి మొదలై ట్రాన్స్‌ఫార్మరుపై భారం పడడం అక్కడి చర్చలో ప్రధానాంశాలు. కొండ ప్రాంతపు పల్పరు విషయంలో చర్చకు కూడా తావు లేదు. మనిషి చేయి పెట్టే యంత్రానికి ఆటో స్టార్టరు అమర్చకూడదు.

గుర్తించే పద్ధతి

కాంటాక్టర్ ముఖంపై ముద్రించిన అంకెలు, అక్షరాలు చాలావరకు సంగతి చెబుతాయి. ఏ1, ఏ2 అన్నవి కాయిల్ కొసలు. ప్రధాన కాంటాక్టులకు ఒంటి అంకెలు ఉంటాయి: 1-2, 3-4, 5-6. వీటినే ఎల్1-టి1, ఎల్2-టి2, ఎల్3-టి3 అని కూడా రాస్తారు. సహాయక కాంటాక్టులకు రెండంకెల సంఖ్యలు. వీటిలో పదుల స్థానం వరుసను, ఒకట్ల స్థానం స్వభావాన్ని తెలుపుతుంది. ఒకట్ల స్థానంలో 3, 4 ఉంటే నార్మల్లీ ఓపెన్; 1, 2 ఉంటే నార్మల్లీ క్లోజ్డ్. అందువల్ల 13-14, 43-44 మొదటి రకం. 21-22, 31-32 రెండవ రకం. ఓవర్‌లోడ్ రిలేపై 95-96 నార్మల్లీ క్లోజ్డ్, 97-98 నార్మల్లీ ఓపెన్. ఇవి ఒకట్ల స్థానంలో 5, 6, 7, 8 గలవి కనుక పై సూత్రాన్ని వీటికి అన్వయించకూడదు.

విద్యార్థులు తరచుగా పొరబడే చోటు ఒకటి ఇక్కడ ఉంది. ఒకట్ల స్థానపు సూత్రం రెండంకెల సంఖ్యలకే పరిమితం. ప్రధాన కాంటాక్టు 1-2ను చూసి అది నార్మల్లీ క్లోజ్డ్ అనుకోవడం తప్పు. గృహావసరాలకు వాడే కొన్ని చిన్న కాంటాక్టర్లలో ప్రధాన కాంటాక్టే నార్మల్లీ క్లోజ్డ్‌గా ఉండవచ్చు. అప్పుడు ఆర్1-ఆర్2 వంటి వేరే గుర్తు వేస్తారు.

వలయ చిత్రాలలో నార్మల్లీ ఓపెన్ కాంటాక్టును మధ్యలో తెగి, ఒక వైపు వాలిన గీతగా చూపుతారు. పాత చిత్రాలలోను, అమెరికా పద్ధతి చిత్రాలలోను రెండు సమాంతర నిలువు గీతలు గీస్తారు. వాటిపై అడ్డంగా వాలుగీత ఉంటే నార్మల్లీ క్లోజ్డ్. ఈ సమాంతర గీతలను కెపాసిటరుగా పొరబడే అవకాశం ఉంది.

ముద్రిత గుర్తులు చెరిగిపోయిన పాత స్టార్టర్ల విషయంలో పరీక్షే ఆధారం. కొన్ని చిన్న స్టార్టర్లలో సహాయక కాంటాక్టు లోపలే కలిసిపోయి ఉంటుంది, బయటకు అంకెలే కనిపించవు. ఏది ఎలా ఉన్నా, కాయిల్‌పై రాసి ఉన్న వోల్టేజీని తప్పక చదవాలి. అంగట్లో 240 వోల్టుల కాయిల్, 415 వోల్టుల కాయిల్ ఒకే ఆకారంలో దొరుకుతాయి. 415 వోల్టుల కాయిల్‌కు ఫేజు, న్యూట్రల్ మధ్య 240 వోల్టులే ఇస్తే దానికి అందేది దాదాపు 58 శాతం మాత్రమే. అది లాగదు, లేదా గరగరలాడుతుంది. 240 వోల్టుల కాయిల్‌ను రెండు ఫేజుల మధ్య కలిపితే త్వరలోనే కాలిపోతుంది. ఒకే నమూనాలో ఈ రెండు కాయిళ్ల నిరోధం స్థూలంగా ఒకటికి మూడు రెట్లుగా ఉంటుంది కనుక, ముద్ర చెరిగినా మల్టీమీటరుతో పోల్చి అంచనా వేయవచ్చు.

సరఫరా లేకుండా చేసే పరీక్షలు

మెయిన్ స్విచ్ దించి, ఫ్యూజులు తీసి, ఎవరూ తిరిగి వేయకుండా తాళం వేసిన తరువాతనే పెట్టె తెరవాలి. టెస్టరును, మల్టీమీటరును ముందు తెలిసిన సజీవ తీగపై సరిచూసి, తరువాత కాంటాక్టర్ కొసల వద్ద విద్యుత్తు లేదని నిర్ధారించుకోవాలి. సింగిల్ ఫేజు మోటారయితే దాని కెపాసిటరులో మిగిలిన విద్యుత్తు కూడా ప్రమాదకరమే. ఈ పనిని శిక్షణ పొందిన ఎలక్ట్రీషియన్ చేయాలి. విస్తరణ సిబ్బంది పాత్ర ఏమి చేయించాలో తెలిసి ఉండడం, ఫలితాన్ని చదవగలగడం.

ముందుగా కాయిల్. ఏ1, ఏ2 మధ్య కొన్ని వందల ఓమ్‌ల నుండి వేయి ఆపైన వరకు, నమూనానుబట్టి ఒక స్థిరమైన విలువ రావాలి. అనంతం చూపితే తీగ తెగింది. బాగా తక్కువ చూపితే చుట్లు కలిసిపోయాయి. ఒక కొసకున్న తీగను విప్పి కొలవడం మేలు.

తరువాత కాంటాక్టులు. విశ్రాంత స్థితిలో 1-2, 3-4, 5-6, 13-14 జతలలో ఏదీ మోగకూడదు. 21-22 ఉంటే అది మోగాలి. ఇప్పుడు స్క్రూడ్రైవరు పిడితో ఆర్మేచరును నెట్టి పట్టుకుంటే ఈ ఫలితాలన్నీ తారుమారు కావాలి. వదలగానే మళ్లీ మొదటి స్థితి రావాలి, ఆర్మేచరు తడుముకోకుండా టక్కున వెనక్కు రావాలి. నెట్టకుండానే ఒక ప్రధాన కాంటాక్టు మోగితే అది అతుక్కుపోయిందన్నమాట. 13-14 నెట్టకుండా మోగితే అది అతుక్కుని అయినా ఉండాలి, లేదా ఎవరైనా తీగతో కలిపి అయినా ఉండాలి.

మీటరు అబద్ధం చెప్పే సందర్భాలు రెండున్నాయి. మొదటిది, వలయంలోని సూచిక దీపం, వోల్ట్‌మీటరు, కాయిల్, మోటారు చుట్టలు పక్కదారిన కొంత నిరోధాన్ని చూపడం. తెరచి ఉన్న కాంటాక్టు వద్ద అనంతానికి బదులు కొన్ని వందల ఓమ్‌లు కనిపిస్తే ఒక కొస తీగ విప్పి మళ్లీ కొలవాలి. రెండవది మరింత ముఖ్యమైనది. మల్టీమీటరు కొన్ని మిల్లీ ఆంపియర్లతోనే కొలుస్తుంది. అర ఓము నిరోధం గల చెడిన కాంటాక్టు వద్ద కూడా అది చక్కగా మోగుతుంది, ఎందుకంటే దాని తీగలకే ఇంచుమించు అంత నిరోధం ఉండవచ్చు. అదే కాంటాక్టులో 10 ఆంపియర్లు ప్రవహిస్తే 5 వోల్టులు అక్కడే పడిపోయి 50 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కరగడానికి అది చాలు. సిరీస్ బల్బుతో చేసే పరీక్షకూ ఇదే పరిమితి. పైగా దానిని నడిచే సరఫరాతో చేస్తారు గనుక ప్రమాదం అదనం.

ఇన్సులేషన్‌ను 500 వోల్టుల మెగ్గరుతో తెరచి ఉన్న కాంటాక్టుల మధ్య, ఫేజుల మధ్య, ఫేజుకు ఎర్త్‌కు మధ్య చూడాలి. ఒక మెగోమ్ కంటే తక్కువ వస్తే ఆరబెట్టి, శుభ్రపరచి మళ్లీ చూడాలి. టైమరు, సింగిల్ ఫేజు ప్రివెంటరు వంటి ఎలక్ట్రానిక్ భాగాలను ముందే విడదీయకపోతే మెగ్గరు వాటిని పాడుచేస్తుంది.

సరఫరా ఇచ్చి చేసే పరీక్షలు

అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఇ.సి. 60947-4-1 ప్రకారం (భారత ప్రమాణం ఐ.ఎస్./ఐ.ఇ.సి. పేరుతో దీనినే స్వీకరించింది) కాంటాక్టర్ తన కాయిల్ వోల్టేజీలో 85 నుండి 110 శాతం వరకు ఎక్కడైనా సంతృప్తికరంగా మూసుకోవాలి. ఏసీ కాయిల్ అయితే 75 శాతానికి, 20 శాతానికి మధ్య ఎక్కడో విడిచిపెట్టాలి. 415 వోల్టుల కాయిల్‌కు 85 శాతమంటే సుమారు 353 వోల్టులు, 75 శాతమంటే సుమారు 311. 240 వోల్టుల కాయిల్‌కు 85 శాతం 204 వోల్టులు. మధ్యాహ్నం పట్టిన స్టార్టరు సాయంత్రం పట్టకపోవడానికి కారణం ఈ అంకెలలో ఉంది. మూసుకున్న కాంటాక్టర్ తక్కువ వోల్టేజీలో కూడా పట్టి ఉండగలదు. కొత్తగా మూసుకోవడానికి మాత్రం ఎక్కువ కావాలి. పొడవైన లైను చివర ఉన్న గూడెంలో దీపాల భారం పెరిగే వేళ మోటారును ప్రారంభిస్తే, ప్రారంభ విద్యుత్తు వల్ల వోల్టేజీ మరికొంత పడుతుంది. 1955 నుండి మాచ్‌ఖండ్ వద్ద విద్యుత్తు ఉత్పత్తి అవుతున్న కొండలే ఇవి. అయినా చివరి స్తంభం వద్ద కాయిల్‌కు ఎన్ని వోల్టులు అందుతున్నాయన్నది స్టార్టరు వద్ద కొలిస్తేనే తెలుస్తుంది. ఆ కొలత ఏ1, ఏ2 మధ్య, స్టార్ట్ బటన్ నొక్కి ఉంచినప్పుడు తీసుకోవాలి. ఊరికే ఉన్నప్పుడు తీసిన కొలతకు విలువ లేదు.

వోల్టేజీ చాలనప్పుడు ఆర్మేచరు సగం కదిలి వెనక్కు పోతుంది. అలా క్షణానికి ఎన్నోసార్లు కొట్టుకుంటూ, ప్రతిసారీ మోటారు ప్రారంభ విద్యుత్తును కలుపుతూ తెంపుతూ ఉంటుంది. కాంటాక్టు ముఖాలు కరిగి అతుక్కుపోయేది ఈ దశలోనే. ఆర్మేచరు పూర్తిగా మూసుకోనంతవరకు కాయిల్ కూడా మామూలుకంటే అనేక రెట్లు విద్యుత్తు తీసుకుని వేడెక్కుతుంది. అందుచేత గరగర వినిపిస్తే బటన్‌ను అదిమి పట్టుకోవడం మానుకోవాలి. వోల్టేజీ సరిగా ఉన్నా శబ్దం వస్తే దిమ్మె ముఖంపై తుప్పు, దుమ్ము, లేదా దానిలో పొదిగిన రాగి రింగు విరగడం కారణం కావచ్చు.

అన్నిటికంటే తేలికైనది, రైతే చేసి చూడగలిగినది మరొక పరీక్ష. తొట్టి ఖాళీగా ఉంచి, ఎవరూ దగ్గర లేకుండా చూసి యంత్రాన్ని నడపాలి. మెయిన్ స్విచ్ దించి, యంత్రం పూర్తిగా ఆగిన తరువాత మళ్లీ వేయాలి. యంత్రం కదలకూడదు. కదిలితే 13-14 వలయంలో లోపమున్నట్లే; దానిని సరిచేసే వరకు ఆ యంత్రంపై పని నిలపాలి. తరువాత స్టార్ట్ నొక్కి, స్టాప్ నొక్కి చూడాలి. స్టాప్ నొక్కినా ఆగకపోతే ప్రధాన కాంటాక్టులు అతుక్కున్నాయి.

ఒక్క ప్రధాన కాంటాక్టు మాత్రమే అతుక్కున్న స్థితి దీనికి చిక్కదు. మోటారు ఆగుతుంది, కాని దాని చుట్టలలో ఒక ఫేజు సజీవంగానే ఉంటుంది. కాంటాక్టర్‌ను ఐసొలేటరుగా భావించకూడదనడానికి ఇదే కారణం. చేయి పెట్టే ముందు మెయిన్ స్విచ్ దించవలసిందే. దీనికి విరుద్ధంగా ఒక కాంటాక్టు కాలిపోయి మూసుకోకపోతే మోటారుకు రెండు ఫేజులే అంది అది మూలుగుతూ వేడెక్కుతుంది. భారంతో నడుస్తున్నప్పుడు 1-2, 3-4, 5-6ల మధ్య వోల్టేజీ పతనాన్ని మిల్లీవోల్టులలో కొలిచి మూడింటినీ పోల్చడమే చెడుతున్న కాంటాక్టును ముందుగా పట్టుకునే మార్గం. ఒకటి మిగిలిన రెండింటికంటే స్పష్టంగా ఎక్కువ చూపితే దానిని మార్చే ఏర్పాటు చేయాలి. ఈ కొలతను సరఫరా ఉండగా తీయాలి కనుక అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్‌కే వదలాలి.

కొండ వాతావరణం

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కాంటాక్టర్లను 2000 మీటర్ల వరకు మామూలు సామర్థ్యంతో వాడవచ్చు కనుక ఎత్తు ఇక్కడ సమస్య కాదు. సమస్య తేమ. కాఫీ పల్పరు మార్చి నుండి అక్టోబరు వరకు ఊరికే ఉంటుంది. వర్షాకాలమంతా మూత సరిగా లేని పెట్టెలో దిమ్మె ముఖాలు తుప్పు పడతాయి. చలికాలంలో, ముఖ్యంగా లంబసింగి వంటి చోట్ల, తెల్లవారుజామున పెట్టె లోపల మంచు నీరు పడుతుంది. చీమలు, బల్లులు, కందిరీగల మట్టి గూళ్లు ఆర్మేచరు కదలికకు అడ్డుపడతాయి.

తుప్పుకు భయపడి గ్రీజు పూసేవారున్నారు. ఇది మేలుకంటే కీడు చేస్తుంది. జిగురుపట్టిన ముఖాలు కాయిల్‌కు విద్యుత్తు పోయినా వెంటనే విడిపోవు, అంటే నార్మల్లీ ఓపెన్ కాంటాక్టు తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. పొడి గుడ్డతో తుడవడమే చాలు. నల్లబడిన కాంటాక్టులను గరుకు కాగితంతో రుద్దడం కూడా అటువంటిదే. పాత రాగి కాంటాక్టులకు అది అవసరమయ్యేది. ఇప్పటి వెండి మిశ్రమ కాంటాక్టులపై నలుపు విద్యుత్తును ఆపదు, రుద్దితే విలువైన పూతే పోతుంది. గుంటలు పడినా, పూత అరిగి కింది లోహం కనిపించినా కాంటాక్టుల జతను పూర్తిగా మార్చాలి.

మార్చేటప్పుడు పెట్టెపై ఉన్న పెద్ద ఆంపియర్ల అంకెను చూసి కొనడం పొరపాటు. ఒకే కాంటాక్టర్‌పై ఏసీ-1 తరగతికి 32 ఆంపియర్లు, ఏసీ-3 తరగతికి 18 ఆంపియర్లు అని రాసి ఉండవచ్చు. మొదటిది హీటరు వంటి భారానికి, రెండవది మోటారుకు. పల్పరుకైనా పంపుకైనా చూడవలసినది ఏసీ-3 అంకె.

ఈ పరీక్షలన్నిటికీ తగిన కాలం అక్టోబరు, పండ్లు ఎరుపెక్కక ముందు. సంఘాల ఆధ్వర్యంలో నడిచే పల్పింగ్ కేంద్రాలలో ఒక్కొక్క స్టార్టరు మూతకు లోపలి వైపు ఒక కార్డు అతికించి, కాయిల్ వోల్టేజీ, కాయిల్ నిరోధం, బటన్ నొక్కినప్పటి వోల్టేజీ, ఇన్సులేషన్ విలువ, పరీక్షించిన తేదీ రాసి ఉంచితే మరుసటి ఏడాది పోల్చుకోవడానికి వీలవుతుంది. ఆ కార్డులోని వోల్టేజీకి సరిపోయే కాయిల్ ఒకటి, కాంటాక్టుల జత ఒకటి కోతకు ముందే కేంద్రంలో ఉండాలి.